మా అబ్బాయి గార్డ్ అట, ఆట మొత్తంలో ఒక్కసారి కూడా బంతి ముట్టుకోలేదు!

కొత్త_నాన్న_టెక్సస్
మేము డాలస్ దగ్గరికి వచ్చి పద్నాలుగు నెలలైంది. మా అబ్బాయి తొమ్మిదో తరగతి. ఈ ఏడాది స్కూలు ఫుట్‌బాల్ జట్టులో చేరాడు. మన ఫుట్‌బాల్ కాదు, రెండు కొనలూ మొన తేలిన బంతితో ఆడే ఇక్కడి ఫుట్‌బాల్. మొన్న గురువారం సాయంత్రం మొదటిసారి ఇద్దరం వెళ్లి చూశాం. ఎండ తగ్గలేదు, కూర్చున్న రేకు బల్లలు కాలుతున్నాయి. అయినా కదలకుండా రెండు గంటలు కూర్చున్నాం. వాడి నంబరు 64. ఆ రెండు గంటల్లో 64 చేతికి బంతి ఒక్కసారి కూడా రాలేదు! ఒక చెయ్యి నేలకు ఆనించి వంగుతాడు, బంతి కదలగానే ఎదుటివాడి మీదికి లేస్తాడు, ఇద్దరూ పెనుగులాడుతారు, పడతారు, లేస్తారు. మళ్లీ అదే.

కారులో అడిగాను, నీ స్థానం ఏమిటిరా అని. "గార్డ్" అన్నాడు. దేనికి కాపలా అంటే, "నీకు చెప్పినా అర్థం కాదు నాన్నా" అని కిటికీ వైపు తిరిగాడు. ఆ మాట బాగా గుచ్చుకుంది. వాడికి ఆరేళ్లప్పుడు స్లిప్ ఎక్కడ, గల్లీ ఎక్కడ, మిడాన్ ఎక్కడ అని పెరట్లో చెప్పులు పెట్టి నేర్పింది నేనే.

క్వార్టర్ బ్యాక్, హాఫ్ బ్యాక్, ఫుల్ బ్యాక్ అంటారు. పావు, అర, పూర్తి! ఇవేం కొలతలు? మా వాడికి అన్యాయం జరుగుతోందా? కోచ్‌తో మాట్లాడమంటారా?

ఆటల_అమ్మ
కోచ్‌తో మాట్లాడకండి. దయచేసి. ముందు ఇక్కడి జవాబులు చదవండి. మా పెద్దవాడు టాకిల్ అనే స్థానంలో ఆడాడు, నాలుగేళ్లూ మేము చప్పట్లు కొట్టింది ఎవరూ చూడని చోటికే.

మిషిగన్_మావయ్య
అన్యాయం ఏమీ లేదండీ. గార్డ్ చేతికి బంతి రాకపోవడం నియమాల్లోనే ఉంది. దాడి చేసే జట్టు ముందు వరసలో నడుమ అయిదుగురు ఉంటారు: మధ్యలో సెంటర్, అతనికి అటొకరు ఇటొకరు గార్డ్‌లు, వాళ్ల పక్కన టాకిల్‌లు. ముందుకు విసిరిన బంతిని వీళ్లు పట్టుకోకూడదు. రిఫరీ దూరం నుంచే పోల్చుకోవడానికి వీళ్లకు 50 నుంచి 79 లోపు నంబర్లు ఇస్తారు. మీ వాడి 64 అందుకే.

ఇక పేర్ల కథ. 1869 నవంబరు 6న న్యూజెర్సీలో రట్గర్స్, ప్రిన్‌స్టన్ కళాశాలల మధ్య జరిగిన ఆటను మొదటిదిగా లెక్కిస్తారు. ఒక్కో వైపు 25 మంది. బంతిని చేతపట్టి పరుగెత్తడం లేదు, దాదాపు నేటి సాకర్. రట్గర్స్ 6-4తో గెలిచింది. తరవాత 1874లో హార్వర్డ్ కుర్రాళ్లు కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయం జట్టుతో ఆడి రగ్బీ రుచి మరిగారు. మరో రెండేళ్లకు మిగతా కళాశాలలు కూడా రగ్బీ నియమాలకే వచ్చాయి. మీరు అడిగిన పేర్లు ఆ దారిలో వచ్చినవే.

ముందు గుంపుగా తోసుకునేవాళ్లు ఫార్వర్డ్‌లు, వెనక కాచుకునేవాళ్లు బ్యాక్‌లు. అందరికంటే వెనక నిలబడేవాడు ఫుల్ బ్యాక్. సగం దూరంలో ఉండేవాడు హాఫ్ బ్యాక్. గుంపుకు దగ్గరగా, పావు దూరంలో ఉండేవాడు క్వార్టర్ బ్యాక్. అంతే! మనిషి ఎంత వెనక నిలబడ్డాడో చెప్పే మాటలివి, ఎంత గొప్పవాడో చెప్పేవి కావు.

కొత్త_నాన్న_టెక్సస్
పావు దూరం! నేను ఇన్నాళ్లూ ఆటలో నాలుగు భాగాలు ఉన్నాయి కనుక క్వార్టర్ అంటున్నారేమో అనుకున్నాను.

గజం_గీత
మావయ్య గారి మాటకు ఒక చేర్పు. పేరు బయటి నుంచి వచ్చినా, నేటి క్వార్టర్ బ్యాక్ పుట్టింది 1880లో. యేల్ కళాశాలకు ఆడిన వాల్టర్ క్యాంప్ రెండు మార్పులు తెచ్చాడు. ఒకటి, జట్టుకు పదకొండు మంది. రెండోది అసలైనది. రగ్బీలో బంతి కింద పడితే రెండు జట్లూ దాని చుట్టూ మూగి తోసుకుంటాయి, ఎవరికి దక్కుతుందో తెలియదు. క్యాంప్ ఆ గుంపును విడదీశాడు. బంతి ఒక జట్టుదే, మధ్యలో ఒక గీత, ఒకడు దాన్ని మడమతో వెనక్కి నెడతాడు. అలా నెట్టిన బంతిని మొదట అందుకున్నవాడే క్వార్టర్ బ్యాక్ అని నియమంలో రాశారు. పైగా అతను దాన్ని పట్టుకుని ముందుకు ఉరకకూడదని కూడా రాశారు!

అంటే మొదట్లో అతని పని బంతిని వెనకవాళ్లకు అందించడమే. ఇవాళ అందరికంటే ఎక్కువ జీతం తీసుకుంటున్నది ఆ స్థానమే.

రెండో_డౌన్
ఈ ఆటకీ రగ్బీకీ చీలిక ఆ గీత దగ్గరే వచ్చింది. గీత లేకపోతే గార్డ్ కూడా లేడు. రగ్బీలో బంతి పట్టుకున్నవాడి ముందు నడిచి దారి చేయడం తప్పు. ఇక్కడ అదే ఒక ఉద్యోగం.

అట్లాంటా_బాబాయి
డౌన్, డౌన్ అని అరుస్తుంటారు కదా, అదేమిటో కూడా చెప్పండి. పన్నెండేళ్లుగా ఇక్కడ ఉన్నాను, అడగడానికి మొహమాటపడ్డాను.

గజం_గీత
దీనికి మంచి కథ ఉంది బాబాయి గారూ. 1880 నియమంలో ఒక కన్నం ఉండిపోయింది. బంతి ఒకరిదైతే ఎంతసేపటి దాకా వాళ్లదే? ఎవరూ రాయలేదు. 1881లో యేల్, ప్రిన్‌స్టన్ తలపడ్డాయి. మొదటి సగమంతా ప్రిన్‌స్టన్ బంతిని వదలకుండా కూర్చుంది. రెండో సగమంతా యేల్ అదే పని చేసింది. చివరికి 0-0. చూడటానికి వచ్చినవాళ్ల గతి ఊహించుకోండి.

మరుసటి ఏడాది నియమం వచ్చింది: మూడు ప్రయత్నాల్లో అయిదు గజాలైనా ముందుకు జరగాలి, లేదా బంతి వదులుకోవాలి. ఆ ప్రయత్నమే డౌన్. గజాలు కొలవడానికి మైదానం నిండా అడ్డగీతలు గీశారు. అవి మాంసం కాల్చే ఇనుప చట్రంలా కనిపించాయి కనుక గ్రిడయర్న్ అనే పేరు పడింది. 1906లో అయిదు గజాలు పది అయ్యాయి, 1912లో మూడు ప్రయత్నాలు నాలుగయ్యాయి. ఇప్పటికీ అదే లెక్క.

కబడ్డీ_కార్నర్
నేను నల్గొండ జిల్లాలో పాఠశాల రోజుల నుంచి లెఫ్ట్ కార్నర్ ఆడాను. కొత్త నాన్న గారూ, మీరు క్రికెట్ స్థానాలతో పోల్చి చూస్తున్నారు, అక్కడే చిక్కు. కబడ్డీతో పోల్చండి. కార్నర్ వెళ్లి రైడర్ చీలమండ పట్టుకుంటాడు. పట్టు అతనిదే, పేపర్లో పేరూ అతనిదే. కానీ ఆ క్షణంలో కవర్ వచ్చి మీద పడకపోతే రైడర్ ఈడ్చుకుంటూ గీత దాటేస్తాడు. మీ వాడు ఆ కవర్ లాంటివాడు. ఆడినవాళ్లకు తెలుస్తుంది వాడి విలువ.

మిషిగన్_మావయ్య
ఆ పోలిక పూర్తిగా కుదరదు. కబడ్డీలో కవర్ కావాలనుకుంటే తరవాతి కూతకు తనే వెళ్లవచ్చు, ఏ నియమమూ ఆపదు. ఇక్కడ గార్డ్‌కు బంతిని ముందుకు విసరడం నియమ విరుద్ధం.

కబడ్డీ_కార్నర్
నియమం సంగతి కాదు మావయ్య గారూ, శరీరం సంగతి చెబుతున్నాను. మోకాళ్లు వంచి, నడుము దించి, ఎదుటివాడి కళ్లు కాకుండా తుంటి చూడటం రెండు ఆటల్లోనూ ఒకటే. తల ఎటైనా తిప్పి మోసం చేయవచ్చు, తుంటితో చేయలేడు. మా మాస్టారు చెప్పిన మాట ఇది. ఇక్కడ మా పక్కింటి అబ్బాయి కోచ్ కూడా అచ్చంగా అదే చెప్పాడట.

మిషిగన్_మావయ్య
ఇది ఒప్పుకుంటాను. తుంటి సంగతి నిజమే.

వాడి_అమ్మ
నేను 64 వాళ్ల అమ్మను. ఈయన రాత్రి ఫోనులో ఇవన్నీ చదువుతుంటే చూసి నేనూ ఖాతా తెరిచాను. మీరంతా చరిత్ర చెబుతున్నారు, బాగుంది. నాకు కావలసింది ఒక్కటే. వాడు రోజూ యాభై సార్లు తలతో గుద్దుకుంటాడా? ఇది ప్రమాదం కాదా?

ఆటల_అమ్మ
వాడి అమ్మ గారూ, నాలుగేళ్లు నాకు కూడా నిద్ర లేదు. ప్రమాదం లేదని అబద్ధం చెప్పను. తల ఎత్తి, చేతులతో, భుజంతో అడ్డుకోవడం నేర్పుతారు. తల దించి గుద్దితే కోచ్ బయటికి లాగాలి. ఆ ఒక్కటి మాత్రం మీరు కళ్లారా చూడండి. సాధనకు వెళ్లి కంచె పక్కన నిలబడండి, ఎవరూ వద్దనరు.

నర్సు_డ్యూటీ_రాత్రి
నేను ఆసుపత్రిలో పనిచేస్తాను కనుక సూటిగా చెబుతాను. టెక్సస్‌లో చట్టం ఉంది: తలకు దెబ్బతో మెదడు అదిరిందని అనుమానం వస్తే పిల్లవాణ్ణి ఆ పూటే ఆట నుంచి తప్పించాలి, వైద్యుడు రాసిచ్చేదాకా తిరిగి దింపకూడదు. కానీ అనుమానం రావాలంటే పిల్లవాడు నోరు విప్పాలి. తలనొప్పి, వెలుతురు చూడలేకపోవడం, చదివింది మళ్లీ మళ్లీ చదవడం, కారణం లేని చిరాకు, ఇవి ఇంట్లో కనిపించేవి. "జట్టులోంచి తీసేస్తారేమో" అని దాచేది పిల్లలే. దాచవద్దని మీరు ముందే చెప్పి ఉంచండి, దెబ్బ తగిలాక కాదు.

గజం_గీత
ఈ భయం పాతదే. 1892లో హార్వర్డ్ వాళ్లు యేల్ మీద ఎగిరే త్రికోణం ప్రయోగించారు. పరుగెత్తుకుంటూ వచ్చి బాణం మొనలా ఒకే మనిషి మీదికి దూసుకుపోవడం. దాన్ని ఆలోచించిన లోరిన్ డీలండ్ చదరంగం ఇష్టపడే మనిషి, తను ఎప్పుడూ ఈ ఆట ఆడలేదు. 1894కల్లా దాన్ని నిషేధించారు. అయినా ఆట నెమ్మదించలేదు. 1905లో మరణాలు పద్దెనిమిది దాకా లెక్కతేలడంతో దేశమంతా గగ్గోలు. అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ హార్వర్డ్, యేల్, ప్రిన్‌స్టన్ ప్రతినిధులను శ్వేతసౌధానికి పిలిపించి మాట్లాడాడు. 1906లో రెండు జట్ల మధ్య బంతి పొడవున ఖాళీ జాగా ఉండాలని, బంతిని ముందుకు విసరవచ్చని నియమాలు మారాయి.

స్థానాల సంగతికీ దీనికీ సంబంధం ఉంది. ముందుకు విసరడం రాకముందు అందరూ ఒకేచోట కుమ్ముకునేవాళ్లు. అది వచ్చాక చివర నిలబడే ఎండ్ అనేవాడికి పరుగెత్తి బంతి పట్టుకునే పని దొరికింది. నేటి వైడ్ రిసీవర్ ఆ ఎండ్ మనవడే. లైన్‌ను, అంటే ముందు వరసను, వదిలి దూరంగా జరిగినవాడు అలా అయ్యాడు, లైన్‌ను ఆనుకునే ఉండిపోయినవాడు టైట్ ఎండ్ అయ్యాడు.

అట్లాంటా_బాబాయి
గార్డ్, టాకిల్ పేర్ల సంగతి ఇంకా ఎవరూ చెప్పలేదు. అడిగిన మనిషి దాని గురించే అడిగాడు పాపం.

మిషిగన్_మావయ్య
నిజమే, అటూ ఇటూ పోయాం. మొదట్లో ముందు వరసలో ఏడుగురు, అందరినీ రషర్‌లు అనేవారు. బంతిని వెనక్కి పంపేవాడు ఒంటికాలి మీద నిలబడి మడమతో నెట్టాలి. ఆ సమయంలో ఎవడు తోసినా పడిపోతాడు. అతనికి చెరోపక్క నిలబడి కాపు కాసినవాళ్లు గార్డ్‌లు. మీ వాణ్ణి దేనికి కాపలా అని అడిగారు కదా, జవాబు ఇదే: పక్కనున్న సెంటర్‌కి. వాళ్ల పక్కవాళ్లు ఎదుటి జట్టు పరుగును ఎక్కువగా పట్టి పడేసేవాళ్లు, కనుక టాకిల్‌లు. వరస కొనలో ఉన్నవాళ్లు ఎండ్‌లు.

బోస్టన్_విద్యార్థి
ఆగండి. టాకిల్ అంటే పట్టి పడేయడం. కానీ దాడి జట్టులోని టాకిల్ ఎవరినీ పట్టుకోకూడదు కదా! పట్టుకుంటే పది గజాల శిక్ష. పేరుకీ పనికీ పొంతన లేదే?

మిషిగన్_మావయ్య
భలే పట్టావు బాబూ. అప్పట్లో దాడికి ఒక జట్టు, రక్షణకు ఒక జట్టు అని లేవు. అదే పదకొండు మంది రెండూ ఆడేవాళ్లు. బంతి మనదైతే టాకిల్ అడ్డుకుంటాడు, బంతి వాళ్లదైతే అతనే పట్టి పడేస్తాడు. రెండో పనికి పేరు పెట్టారు, అది మొదటి పనికీ అంటుకుపోయింది. యుద్ధకాలంలో, 1941లో, ఆటగాళ్లను ఇష్టం వచ్చినప్పుడు మార్చుకునే వెసులుబాటు ఇచ్చారు. 1945లో మా మిషిగన్ కోచ్ ఫ్రిట్జ్ క్రైస్లర్ బలమైన ఆర్మీ (సైనిక కళాశాల) జట్టు మీదికి దాడికి కొందరినీ రక్షణకు ఇంకొందరినీ దింపాడు. ఓడిపోయాడు, అయినా అందరూ ఆ పద్ధతి పట్టుకున్నారు. జీతానికి ఆడేవాళ్ల లీగ్ అయిన ఎన్‌ఎఫ్‌ఎల్‌లో 1950 నుంచి మార్పులకు అడ్డే లేదు.

బోస్టన్_విద్యార్థి
అయితే ఇంకొక పొంతన లేనిది. ఫుల్ బ్యాక్ అందరికంటే వెనక ఉండాలి అన్నారు. నేను టీవీలో చూస్తే హాఫ్ బ్యాక్ కన్నా ముందే ఉన్నాడు.

రెండో_డౌన్
నిలబడే చోటు మారింది, పేరు మారలేదు. ఫుల్ బ్యాక్ బరువైన మనిషి కావడంతో, పరుగెత్తేవాడికి ముందు నడిచి దారి చేసే పని అతనికి వచ్చింది. ముందుకు జరిగాడు. అందరికంటే వెనక నిలబడేవాణ్ణి ఇప్పుడు టెయిల్ బ్యాక్ అంటారు, తోక దగ్గరివాడు. మా ఊళ్లో కొత్త బస్టాండు కట్టి ముప్పై ఏళ్లయినా ఇంకా "కొత్త బస్టాండు" అనే అంటారు, అలాగే.

క్వార్టర్ బ్యాక్ కూడా చాలాకాలం నాయకుడు కాదు. సింగిల్ వింగ్ పద్ధతిలో సెంటర్ బంతిని నేరుగా వెనకవాడికి పంపేవాడు, క్వార్టర్ బ్యాక్ ఎక్కువగా అడ్డుకునే పని చేసేవాడు. 1940 డిసెంబరు 8న షికాగో బేర్స్ జట్టు, సెంటర్ నుంచి బంతి నేరుగా క్వార్టర్ బ్యాక్ చేతికే వచ్చే టీ వరసతో, సిడ్ లక్‌మన్ క్వార్టర్ బ్యాక్‌గా, వాషింగ్టన్ జట్టును 73-0తో చిత్తు చేశాక దేశమంతా ఆ పద్ధతికి తిరిగింది.

కబడ్డీ_కార్నర్
73-0! అది ఆట కాదు, పంచనామా.

గజం_గీత
రక్షణ జట్టు పేర్లలో నాకు ఇష్టమైనది నికెల్. మామూలుగా వెనక కాపుకు నలుగురు ఉంటారు: ఇద్దరు కార్నర్ బ్యాక్‌లు, ఇద్దరు సేఫ్టీలు. బంతి విసురుతారని అనుమానం వస్తే అయిదో మనిషిని దింపుతారు. అమెరికా అయిదు సెంట్ల నాణెం నికెల్, కనుక అయిదోవాడు నికెల్ బ్యాక్. ఆరోవాణ్ణీ దింపితే? నికెల్ తరవాతి నాణెం డైమ్, కనుక డైమ్ బ్యాక్. లెక్క ప్రకారం డైమ్ పది సెంట్లు, అయినా ఎవరూ పట్టించుకోలేదు.

ఆటల_అమ్మ
మా వాడు ఎడమ టాకిల్. ఆ స్థానం విలువ నాకు 1985 నాటి ఒక దృశ్యం చూపించి వాడే చెప్పాడు. కుడిచేతివాటం క్వార్టర్ బ్యాక్ బంతి విసరడానికి తిరిగితే అతని వీపు ఎడమవైపుకు ఉంటుంది. అటు నుంచి వచ్చేవాడు కనపడడు. లారెన్స్ టేలర్ అనే ఆటగాడు దూసుకువచ్చి పడటంతో వాషింగ్టన్ క్వార్టర్ బ్యాక్ జో థైస్‌మన్ కాలు విరిగింది, అతని ఆటజీవితం ఆ రాత్రితో సరి. తరవాతి కాలంలో ఎడమ టాకిల్‌లకు పెద్ద జీతాలు వచ్చాయి. నేను ఆ దృశ్యం రెండోసారి చూడలేకపోయాను. కానీ ఆ రోజు నుంచి మా వాడు నిలబడిన చోటు నాకు అర్థమైంది.

గజం_గీత
గార్డ్ తండ్రికి ఒక మాట చెప్పకుండా ఈ చర్చ ముగియకూడదు. ఎన్‌ఎఫ్‌ఎల్ విజేతకు ఏటా ఇచ్చే వెండి బహుమతి పేరు లొంబార్డీ ట్రోఫీ. ఆ విన్స్ లొంబార్డీ 1930లలో ఫోర్డమ్ కళాశాలకు ఆడినప్పుడు అతని స్థానం ఏమిటో తెలుసా? గార్డ్! అతను ఆడిన ఏడుగురి ముందు వరసను ఏడు గ్రానైట్ రాళ్లు అనేవారు. కోచ్ అయ్యాక గ్రీన్ బే జట్టుకు అతను నేర్పిన గొప్ప పరుగు కూడా గార్డ్‌ల మీదే నడిచింది. బంతి కదలగానే ఇద్దరు గార్డ్‌లు తమ చోటు వదిలి, లైన్ వెనకనుంచి పక్కకు పరుగెత్తి, మూల తిరిగి దారి చేస్తారు. దాన్ని పుల్ అంటారు. జెర్రీ క్రేమర్, ఫజ్జీ థర్‌స్టన్ అనే గార్డ్‌ల పేర్లు ఇక్కడి పెద్దవాళ్లకు ఇప్పటికీ గుర్తు.

వచ్చే ఆటలో బంతిని చూడకండి. 64ను మాత్రమే చూడండి.

కొత్త_నాన్న_టెక్సస్
నిన్న రాత్రి ఆట చూసి వచ్చాం. గజం గీత గారు చెప్పినట్టే బంతిని వదిలేశాను. మొదట కష్టమైంది, కళ్లు అటే పోతాయి.

రెండో భాగంలో ఒకసారి 64 ఎప్పటిలా ముందుకు లేవలేదు. వెనక్కి ఒక అడుగు వేసి, గిర్రున తిరిగి, లైన్ వెనకనుంచి కుడివైపుకు పరుగెత్తాడు. అంత బరువున్నవాడు అంత వేగంగా కదలడం నేను ఎప్పుడూ చూడలేదు. వాడి వెనకే బంతి పట్టుకున్న 22, ఎడమ చెయ్యి మా వాడి వీపు మీద ఆనించి వస్తున్నాడు, చీకట్లో మెట్లు దిగేటప్పుడు ముందున్నవాడి భుజం పట్టుకున్నట్టు. మూల దగ్గర ఒకడు అడ్డం వచ్చాడు. మా వాడు వాణ్ణి గీత బయటికి నెట్టుకుంటూ పోయాడు. 22 ఆ సందులోంచి పద్నాలుగు గజాలు పోయాడు. అందరూ 22 అని అరిచారు. నేను లేచి 64 అని అరిచాను. మా ఆవిడ కూడా.

కారులో "పుల్ చేశావు కదా" అన్నాను. వాడు చటుక్కున తల తిప్పి చూశాడు. ఇంటికొచ్చి అన్నం తినకుండా బల్ల మీద అన్నీ సర్దాడు. పప్పు గిన్నె సెంటర్, నెయ్యి డబ్బా క్వార్టర్ బ్యాక్, మంచినీళ్ల గ్లాసులు టాకిల్‌లు, ఆవకాయ సీసా తను. ఆ సీసాను నెయ్యి డబ్బా ముందునుంచి తిప్పి బల్ల చివరిదాకా జరిపి చూపించాడు. పది గంటలైంది, పప్పు చల్లారింది.

వాడి_అమ్మ
ఆవకాయ సీసా బల్ల మీంచి పడబోతే నేనే పట్టుకున్నాను. తలనొప్పి గురించి కూడా అడిగాను, నర్సు గారూ. ఏదైనా ఉంటే చెబుతానని మాట ఇచ్చాడు. మంగళవారం సాధనకు వెళ్లి కంచె దగ్గర నిలబడతాను.

కబడ్డీ_కార్నర్
తుంటి చూస్తున్నాడా అని అడగండి.

కొత్త_నాన్న_టెక్సస్
అడిగాను. "ఇది నీకెవరు చెప్పారు నాన్నా?" అన్నాడు.